యూనిఫాం విప్పాక ఎవరి మనిషి?

2022 ఆగస్టు 30 రాత్రి ఖతార్ రాజధాని దోహాలో ఎనిమిదిమంది భారతీయులను అక్కడి భద్రతా సిబ్బంది పట్టుకెళ్లారు. ఎనిమిదిమందీ మన నౌకాదళంలో పనిచేసి బయటికొచ్చినవాళ్లే. కొందరు కెప్టెన్లు, కొందరు కమాండర్లు, ఒకరు సెయిలర్. ఖతార్ నౌకాదళానికి శిక్షణ ఇచ్చే ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వారిలో ఒకరు విశాఖపట్నం మనిషి. 2023 అక్టోబరు 26న అక్కడి కోర్టు ఎనిమిదిమందికీ మరణశిక్ష వేసింది. డిసెంబరు 28న అప్పీలు కోర్టు దాన్ని జైలుశిక్షగా మార్చింది. 2024 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున ఏడుగురు ఢిల్లీలో విమానం దిగారు. ఇజ్రాయెల్ కోసం గూఢచర్యం చేశారని, జలాంతర్గాముల సమాచారం చేరవేశారని పత్రికలు రాశాయి. అసలు ఏ నేరం మోపారో ఖతార్ ప్రభుత్వం బయటపెట్టలేదు. మన ప్రభుత్వమూ పెట్టలేదు.

విశాఖ ఈ వార్తను మిగతా ఊళ్లు చదివినట్టు చదవలేదు. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే. డాక్‌యార్డు చుట్టుపక్కల పేటల్లో ఏ వీధికి వెళ్లినా నేవీలో చేసినవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది నలభై నిండకముందే పెన్షన్ పుచ్చుకుని మరో ఉద్యోగం వెతుక్కున్నవాళ్లు. సన్యాసిరావు గారూ అలాంటివారే. యుద్ధనౌకల్లో, నీళ్లలో చప్పుళ్లు పట్టే సోనార్ మీద పనిచేసి చీఫ్ పెట్టీ ఆఫీసరుగా రిటైరయ్యారు. లలిత ఆయన తమ్ముడి కూతురు, హైకోర్టులో ప్రాక్టీసు చేస్తోంది. వీరిద్దరికీ ఈ విషయంలో పొత్తు కుదరదు. నా మొగ్గు లలిత వైపని ముందే చెప్పేస్తున్నాను. అయినా పెద్దాయన మాటను తేలిక చేసి రాయలేదు. ఆయన అడిగిన చివరి ప్రశ్న నన్నింకా తొలుస్తూనే ఉంది.

సన్యాసిరావు: అరిచి గీపెడితే ఎవడూ ఇంటికి రాడమ్మా. ఆ ఏడుగురూ వచ్చారంటే మనవాళ్లు గుట్టుగా పని చేయబట్టే. శిక్ష పడిన రోజు దిగ్భ్రాంతి చెందామని విదేశాంగ శాఖ ఒక మాటంది. ఆ తర్వాత అవసరానికి మించి నోరు మెదపలేదు. డిసెంబరు 1న దుబాయ్‌లో, వాతావరణ సదస్సు దగ్గర, మన ప్రధానీ ఖతార్ అమీరూ కలిశారు. మరి రెండు రోజులకు మన రాయబారి జైలుకెళ్లి ఎనిమిదిమందినీ చూశాడు. నెల తిరక్కుండా మరణశిక్ష తప్పింది. ఫిబ్రవరి 6న గ్యాస్ ఒప్పందం, 12న మనవాళ్లు ఇంట్లో, 14న ప్రధాని దోహాలో. ఇంతకంటే ఏం కావాలి?

లలిత: అలా వరసపెట్టి చెబితే ఒకదాని వల్ల ఒకటి జరిగిందనే అనిపిస్తుంది పెదనాన్నా. గ్యాస్ సంగతి నిన్నమొన్నటిది కాదు. 1999లో రాసుకున్న ఒప్పందం 2028లో తీరిపోతుంది. ఏటా 75 లక్షల టన్నుల ఆ సరఫరానే ఇంకో ఇరవయ్యేళ్లు పొడిగించుకున్నారు. దానికీ విడుదలకీ ముడి ఉందో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పోనీ, ఉందనే అనుకుందాం. మీరు కథ అక్టోబరు 2023 నుంచి మొదలెట్టారు. ఆగస్టు 2022 నుంచి మొదలెట్టి చెప్పండి.

సన్యాసిరావు: చెబితే?

లలిత: పట్టుకెళ్లింది ఆగస్టు నెలాఖరున. ఎనిమిదిమంది మాజీ నేవీవాళ్లు పరాయి దేశం కస్టడీలో ఉన్నారని మన దేశానికి తెలిసింది అక్టోబరు ఆఖరి వారంలో. అదైనా ప్రభుత్వం చెబితే తెలియలేదు. వారిలో ఒకాయన సోదరి ట్విటర్‌లో మొరపెట్టుకుంటే తెలిసింది. ఆవిడ కూడా మీరు చెప్పే గుట్టు పాటించి ఊరుకుని ఉంటే?

సన్యాసిరావు: తోబుట్టువు గోడు వేరు, ప్రభుత్వం నోరు విప్పడం వేరు. ఆవిడ ఏడిస్తే అవతలి దేశానికి పరువు సమస్య రాదు. అదే మన మంత్రి టీవీలో నిలబడి ఖతార్ న్యాయస్థానం అన్యాయం చేసిందని అన్నాడనుకో, మర్నాడు అమీరు క్షమించాలనుకున్నా క్షమించలేడు. మనకు తలొగ్గాడని వాళ్ల జనం అనుకుంటారు. అవతలివాడికి వెనక్కి తగ్గే దారి ఒకటి వదలాలి. మేం సముద్రం మీద నేర్చుకున్నదీ అదే. పరాయి ఓడ దగ్గరికొచ్చినప్పుడు తుపాకీ తిప్పడం ఎంతసేపు? తిప్పాక మళ్లీ పక్కకి తిప్పడమే కష్టం.

లలిత: దీన్ని నేను కాదనను. తీర్పు వచ్చాక గుట్టు పనికొచ్చింది. మరి తీర్పుకి ముందు? పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ కాలంలో ఒంటరి గదుల్లో పెట్టారని ఇళ్లవాళ్లు చెప్పారు. అభియోగ పత్రంలో ఏముందో ఊరికీ దేశానికీ తెలియదు. మరణశిక్ష పడిందన్న రోజున కూడా దేనికి పడిందో చెప్పలేని పరిస్థితి. దీన్ని గెలుపంటే ఎలా? అమీరుకి మనతో పని లేకపోయి ఉంటే ఆ ఎనిమిదిమంది గతేమిటి? ఒక దేశం దగ్గర గ్యాస్ కొంటాం కాబట్టి అక్కడ చిక్కినవాడు బతుకుతాడు. ఏమీ కొనని దేశంలో చిక్కినవాడో?

ఈ ప్రశ్న తర్వాత మాట ఖతార్ దాటి పాకిస్థాన్ మీదికి పోయింది. గూఢచారి అంటూ పాకిస్థాన్ పట్టుకున్న మన మాజీ నేవీ అధికారి కులభూషణ్ జాధవ్ పేరెత్తింది సన్యాసిరావు గారే. లలిత చట్టం దగ్గరికే వస్తుందని ఆయనకు తెలుసు.

సన్యాసిరావు: చట్టం చట్టం అంటావు. జాధవ్ కేసులో చట్టం పూర్తిగా మన పక్షానే నిలిచింది కదా. అంతర్జాతీయ న్యాయస్థానంలో పదహారుమంది జడ్జీల్లో పదిహేనుమంది మనవైపు. హరీశ్ సాల్వే రూపాయి ఫీజుకి వాదించి గెలిచాడు. 2019 జూలై 17న తీర్పు. మిఠాయిలు పంచుకున్నాం. మరి జాధవ్ ఎక్కడున్నాడు? 2016 మార్చిలో ఏ చెరలో పడ్డాడో ఆ చెరలోనే. ఖతార్ కేసులో మనం ఏ అంతర్జాతీయ కోర్టు గడపా తొక్కలేదు. అయినా ఏడుగురు ఇంట్లో ఉన్నారు. లెక్క నువ్వే తేల్చు.

లలిత: తేలుస్తాను. జాధవ్‌కి పాకిస్థాన్ సైనిక కోర్టు 2017 ఏప్రిల్ 10న మరణశిక్ష వేసింది. మే 8న మనం హేగ్‌లోని ఆ అంతర్జాతీయ కోర్టుకి వెళ్లాం. పది రోజుల్లో, 18న, తుది తీర్పు వచ్చేదాకా ఉరి తీయొద్దని ఆదేశం వచ్చింది. అతనివాళ ఊపిరి పీలుస్తున్నాడంటే ఆ కాగితం వల్లే. ఆ రోజుల్లో మనకీ పాకిస్థాన్‌కీ ఉన్న సంబంధాల్లో ఏ గుట్టు, ఏ బేరం అతన్ని కాపాడేది చెప్పండి? స్నేహం ఉన్నచోట మీ పద్ధతి పారుతుంది. లేనిచోట పట్టుకోవడానికి చట్టం తప్ప మరోటి లేదు.

సన్యాసిరావు: ఊపిరి ఉందిలే. అదేం బతుకు? వాళ్లమ్మా, భార్యా వెళ్లి చూసిన రోజు గుర్తుందా?

లలిత: 2017 డిసెంబరు 25. ఇస్లామాబాద్‌లో.

ఆ రోజు సంగతి ఇద్దరికీ ఒకేలా గుర్తుంది. అక్కడ వాదన కాసేపు ఆగిపోయింది. మధ్యలో అద్దం గోడ. అవతల కొడుకు, ఇవతల తల్లి, కోడలు. మాటలు ఇంటర్‌కంలో. లోపలికి పోనిచ్చే ముందు వాళ్ల బట్టలు మార్పించారు, బొట్టు, గాజులు, మంగళసూత్రం తీయించారు. కొడుకుతో మరాఠీలో మాట్లాడబోతే ఆ తల్లిని పదేపదే అడ్డుకున్నారు. భార్య చెప్పులు తిరిగి ఇవ్వలేదు, వాటిలో ఏదో లోహం ఉందన్నారు. మన రాయబార కార్యాలయం మనిషి ఆ ఆవరణలోనే ఉన్నా, అతన్ని ఇంకో అడ్డుగోడ వెనకే నిలబెట్టారు. కొడుకు గూఢచారే అయి ఉన్నా, ఆ తల్లి తన భాషలో నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఏ దేశ భద్రత కూలిపోతుందో నాకీనాటికీ అంతుపట్టదు.

లలిత: నా వాదన మొత్తం అక్కడే ఉంది పెదనాన్నా. మీరూ, టీవీలవాళ్లూ, ఊళ్లోవాళ్లూ అందరూ ముందు అడిగే ప్రశ్న ఒక్కటే. వాడు నిజంగా గూఢచారా కాదా? హేగ్ కోర్టు ఆ ప్రశ్న జోలికే పోలేదు. అతని దగ్గర హుస్సేన్ ముబారక్ పటేల్ పేరుతో పాస్‌పోర్టు దొరికిందని పాకిస్థాన్ వాదించింది. ఇరాన్‌లో వ్యాపారం చేసుకుంటున్నవాణ్ణి ఎత్తుకెళ్లారని మనం వాదించాం. కోర్టు వేరే సంగతి చూసింది, పాకిస్థాన్‌నే అడిగింది. మార్చి 3న పట్టుకున్నామని మీరే అంటున్నారు, ఇండియాకి 25న చెప్పారు, మూడు వారాలు ఎందుకు పట్టింది? కాన్సులర్ అధికారిని ఎందుకు కలవనివ్వలేదు? దర్యాప్తులో మీరు సహకరిస్తేనే కలవనిస్తామని షరతు పెట్టే హక్కు మీకెవరిచ్చారు? 1963 వియన్నా ఒడంబడిక 36వ అధికరణానికి గూఢచర్యం మినహాయింపు కాదని తేల్చి చెప్పింది. దొంగకైనా, దొరకైనా, గూఢచారికైనా తన దేశం మనిషిని చూసే హక్కుంది.

సన్యాసిరావు: చెప్పింది సరే. విడిచిపెట్టమందా?

లలిత: లేదు. మనం అడిగాం, కోర్టు ఒప్పుకోలేదు. శిక్షను మళ్లీ సమీక్షించమంది.

సన్యాసిరావు: సమీక్ష! 2004లో మెక్సికోవాళ్లు అమెరికా మీద ఇదే కోర్టులో గెలిచారు. సమీక్ష చేయమనే అమెరికాకి చెప్పారు. 2008లో టెక్సాస్‌లో మెడెలిన్ అనేవాణ్ణి చంపేశారు. ఆ కాగితం పట్టుకుని ఎవరి తలుపు కొట్టాలి? నువ్వు చెప్పిన తీర్పు తర్వాత కూడా జాధవ్‌ని మన అధికారి చూసింది 2019 సెప్టెంబరులో. పట్టుకున్న మూడున్నరేళ్లకి. నాకు చట్టం మీద కోపం లేదమ్మా. దానికి బలం లేదంటున్నాను. బలం ఉన్నది బేరానికి.

లలిత: బేరం మన బలం మీద నడుస్తుంది. అది ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. చట్టానికి బలం లేదని ఊరుకుంటే అది ఇంకా చిక్కిపోతుంది. మనం వాడుతూ ఉండాలి, మనమూ పాటించాలి. ఏటా జనవరి 1న, జూలై 1న మనమూ పాకిస్థానూ జైళ్లలో ఉన్నవాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాం. ఎంత కొట్టుకున్నా అది ఆగలేదు. 2008లో రాసుకున్న ఒప్పందం అది. ఆ చిన్న కాగితం వల్ల ఎన్ని జాలర్ల కుటుంబాలకు తమవాడు బతికే ఉన్నాడని తెలిసిందో మీకు నేను చెప్పాలా? 2018లో మన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు గుజరాత్ పడవల మీద పనికెళ్లి పాకిస్థాన్‌కి చిక్కలేదూ?

సన్యాసిరావు: జాలరికీ నేవీవాడికీ పోలిక ఏమిటి? జాలరి దారితప్పి వెళ్లాడు. వీళ్లు కావాలని వెళ్లారు. నన్ను తప్పుపట్టకు, ఈ మాట ఎవడూ పైకి అనడు, నేనంటాను. నెలకి లక్షల జీతం చూసుకుని పరాయి నౌకాదళానికి శిక్షణ ఇచ్చే కంపెనీలో చేరారు. జీతం వాళ్లది, ఆపద మాత్రం దేశానిది, ఇదెక్కడి న్యాయం?

లలిత: మీరే అంటున్నారా ఈ మాట?

సన్యాసిరావు: నేనే అంటున్నాను. నేవీలో చేశాడు కాబట్టి నిర్దోషి అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. 2019 డిసెంబరులో ఏమైంది? ఏడుగురు నావికుల్ని మన రాష్ట్ర ఇంటెలిజెన్స్‌వాళ్లే పట్టుకున్నారు. ఫేస్‌బుక్‌లో ఆడపిల్ల పేరుతో పలకరిస్తే ఓడల రాకపోకల సంగతులు పాకిస్థాన్‌కి చెప్పేశారన్న అభియోగం. ఆ తర్వాతే ఓడల్లో, బేస్‌లో స్మార్ట్‌ఫోన్లు వద్దన్నారు. ఆ యూనిఫాం వేసుకున్నవాణ్ణి నేను. ఆ వార్త చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మనవాడనే జాలితో నేను కళ్లు మూసుకోను.

లలిత: మూసుకోవద్దు. కానీ ఆ ఏడుగురికీ మన దగ్గర లాయరున్నాడు, ఏ చట్టం కింద పట్టారో తెలుసు, ఇంట్లోవాళ్లకి ఏ జైలో తెలుసు. దోహాలో పట్టుబడినవాళ్లకి కూడా అదే దక్కాలంటున్నాను. నిర్దోషులనుకోబట్టి నేను అడగడం లేదు. దోషి అయినా దక్కాల్సిందే. మీ వాదన ప్రకారం వెళ్తే, తప్పు చేశాడేమోనని అనుమానం ఉన్నవాడి కోసం దేశం గొంతెత్తనక్కర్లేదు. కశ్మీర్ సింగ్‌కి అదే జరిగింది.

కశ్మీర్ సింగ్ పంజాబ్ వాసి, ఒకప్పుడు సైన్యంలో చేశాడు. 1973లో పాకిస్థాన్‌లో పట్టుబడ్డాడు. మరణశిక్ష పడింది. ముప్పై అయిదేళ్లు అక్కడి జైళ్లలో, అందులో ఎక్కువకాలం ఒంటరిగా, సంకెళ్లతో గడిపాడు. పాకిస్థాన్ మానవ హక్కుల కార్యకర్త అన్సార్ బర్నీ పట్టుబట్టి తిరిగి, అప్పటి అధ్యక్షుడు ముషారఫ్ చేత క్షమాభిక్ష పెట్టించాడు. 2008 మార్చిలో వాఘా దాటాడు. అన్నేళ్లూ తాను గూఢచారిని కానన్న మనిషి, ఇంటికొచ్చాక అవును, నేను గూఢచారినే అన్నాడు. దేశం కోసమే వెళ్లానన్నాడు. ఇన్నేళ్లలో తన భార్యాపిల్లల్ని పట్టించుకున్న ప్రభుత్వం లేదనీ అన్నాడు. ఆ మాట విని పాకిస్థాన్‌లో బర్నీని తిట్టిపోశారు. ఇక్కడ కొందరు కశ్మీర్ సింగ్ అలా అనకుండా ఉండాల్సిందన్నారు. లలిత ఈ కథ చెబుతున్నంతసేపూ సన్యాసిరావు గారు మాట కలపలేదు.

సన్యాసిరావు: వాడు నోరు విప్పడం తప్పే. వాడి వెనక ఇంకా ఎంతమంది ఆ జైళ్లలో ఉన్నారో ఆలోచించాల్సింది.

లలిత: ముప్పై అయిదేళ్లు విప్పలేదు. ఎవరి కోసం విప్పలేదో వాళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదు. గుట్టు మంచిదే పెదనాన్నా. కానీ దాని ఖర్చంతా ఒక్కడే, ఒక్క ఇల్లే మోస్తోంది. ప్రభుత్వానికి అందులో పైసా ఖర్చు లేదు. లెవిన్సన్ సంగతి చూడండి. ఎఫ్‌బీఐలో రిటైరయిన ఏజెంటు. 2007లో ఇరాన్ వాళ్ల కిష్ ద్వీపంలో మాయమయ్యాడు. సొంత వ్యాపారం మీద వెళ్లాడని అమెరికా ఏళ్ల తరబడి చెప్పింది. 2013లో పత్రికలవాళ్లు తవ్వితే సీఐఏలో కొందరు పంపితే వెళ్లాడని తేలింది. ఆ మనిషి ఇంటికి రానేలేదు. గుట్టు వెనకాల అబద్ధం దాక్కుంటే బలయ్యేది వెళ్లినవాడే.

సన్యాసిరావు: అమెరికా ఊసెత్తావు కాబట్టి అడుగుతాను. పాల్ వీలన్ అమెరికా మెరీన్ దళంలో చేసినవాడు. మంచి రికార్డేం కాదు, 2008లో వాళ్లే క్రమశిక్షణ కింద పంపించేశారు. స్నేహితుడి పెళ్లికని మాస్కో వెళితే 2018 డిసెంబరులో హోటల్ గదిలో పట్టుకున్నారు. చేతిలో ఒక పెన్‌డ్రైవ్. ఫొటోలనుకుని తీసుకున్నానన్నాడు. పదహారేళ్లు శిక్ష. అమెరికా ఊరుకుందా? అన్యాయంగా పట్టారని ముద్రేసి లోకమంతా చాటింది. ఏమైంది? 2022 ఏప్రిల్‌లో ఇంకో మాజీ మెరీన్ విడుదలయ్యాడు, వీలన్ కాదు. డిసెంబరులో బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి విడుదలైంది, వీలన్ కాదు. చివరికి 2024 ఆగస్టు 1న, జర్మనీ జైల్లో ఉన్న రష్యా హంతకుణ్ణి ఇచ్చాక గాని వదల్లేదు. ఎంత అరిస్తే అంత ధర పెరుగుతుంది. నీ దగ్గర విలువైన సరుకుందని నువ్వే అవతలివాడికి చెప్పినట్టు.

ఇది బలమైన మాట. లలిత వెంటనే జవాబివ్వలేదు.

లలిత: ధర పెరగడం నిజమే. ఆ విషయంలో నేను అబద్ధం చెప్పను. కానీ అయిదున్నరేళ్లూ వీలన్ ఎక్కడున్నాడో, ఏం తింటున్నాడో వాళ్లింట్లో తెలుసు. జైలు నుంచి ఫోన్ చేసేవాడు. లెవిన్సన్ పేరుతోనే అమెరికాలో 2020లో ఒక చట్టం వచ్చింది. తమ పౌరుణ్ణి పరాయి దేశం పట్టుకుంటే, అది న్యాయమైన అరెస్టా కాదా అని ప్రభుత్వం చూసి తేల్చాలి. ఏయే సూచనలు చూడాలో చట్టంలో రాశారు. సాక్ష్యం ఉందా, లాయరుందా, కాన్సులర్ అధికారిని కలవనిచ్చారా, ఇలా. మన దగ్గర అలాంటిది లేదు. మన దగ్గర ఎవరి సోదరి బాగా ఇంగ్లీషు రాయగలదో, ఎవరి కేసు టీవీకెక్కిందో, దాన్ని బట్టి నడుస్తోంది. నేను అరవమనడం లేదు. ఇన్ని రోజుల్లో కాన్సులర్ అధికారి కలవాలి, ఇన్ని రోజుల్లో కుటుంబానికి రాతపూర్వకంగా చెప్పాలి, లాయరు ఖర్చు ఎవరిదో ముందే తేలాలి. ఇవి రాసిపెట్టుకోవడానికి మైకు అక్కర్లేదు.

సన్యాసిరావు: ఆ మాత్రానికి నేనూ ఒప్పుకుంటాను. కుటుంబానికి చెప్పడం వరకూ.

వాదన ఇక్కడితో అయిపోయేదే. కానీ ఈ ఇంటికి మరో సంగతి వచ్చి పడింది. సన్యాసిరావు గారి పాత షిప్‌మేట్ కొడుకొకడు నేవీలో పదిహేనేళ్లు చేసి ఈమధ్యే బయటికొచ్చాడు. వాడూ సోనారే. గల్ఫ్‌లో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి పిలుపొచ్చింది. అక్కడి నౌకాదళం కుర్రాళ్లకి శిక్షణ ఇవ్వాలట. సలహా అడగడానికి వచ్చి వెళ్లాడు.

లలిత: ఏం చెప్పారు వాడికి?

సన్యాసిరావు: వెళ్లొద్దన్నాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని నాలుగేసి గంటలు కూర్చునేవాళ్లం. నీళ్లలో ప్రొపెల్లర్ చప్పుడు వినబడుతుంది. రెక్కలెన్నో లెక్కపెట్టి, తిరిగే వేగం పట్టి, ఇది చేపల ట్రాలర్, ఇది సరకు ఓడ, ఇది యుద్ధనౌక అని చెప్పాలి. మన జలాంతర్గాములు ఎలా వినిపిస్తాయో కూడా మాకు తెలుసు. రిటైరయ్యేరోజున ఐడీ కార్డు ఇచ్చేశాను, కిట్ ఇచ్చేశాను, పాస్‌లు ఇచ్చేశాను. ఈ చెవి ఎవరికిచ్చి రాను? అందుకే 1923 నాటి అధికార రహస్యాల చట్టం పదవిలో ఉన్నవాడికే కాదు, ఒకప్పుడు ఉన్నవాడికీ వర్తిస్తుంది. వాడు అక్కడి కుర్రాళ్లకి మామూలు పాఠమే చెబుతాడు. మూడో నెలలో ఒకడు లేచి అడుగుతాడు, సార్, మీ జలాంతర్గామి అయితే ఎలా వినిపిస్తుంది అని. చెబితే ఇక్కడ ద్రోహి. చెప్పకపోతే అక్కడ అనుమానం. ఆ దేశం సంగతులు వాడి చెవిన పడతాయి, అప్పుడు అక్కడ గూఢచారి.

లలిత: ఇంత స్పష్టంగా మీరు చెప్పగలిగినది, ఆ కుర్రాడికి ప్రభుత్వం ఎందుకు చెప్పడం లేదు? బ్రిటన్‌లో మాజీ పైలట్లు ముప్పైమంది దాకా చైనావాళ్లకి శిక్షణ ఇవ్వడానికి వెళ్లారని 2022లో బయటపడ్డాక గాని వాళ్లకీ తెలివి రాలేదు. మన దగ్గర పెద్ద అధికారులు రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు ఉద్యోగంలో చేరాలంటే అనుమతి తీసుకోవాలి. ఆ ఏడాది దాటితే? ఒప్పందంలో ఏం నేర్పాలో, ఏం నేర్పకూడదో ఎవరు చూస్తున్నారు? వాడు వెళ్లకుండా ఉండడు పెదనాన్నా. ఇంటి లోనుంది, ఇద్దరు పిల్లలు. పెన్షన్ చాలదు. ఇక్కడ సెక్యూరిటీ గార్డు ఉద్యోగం తప్ప ఏదీ రాలేదని మీ ముందే చెప్పాడు. వెళ్లొద్దనడం మీకు సులువు. మీరు వెళ్లాల్సిన అవసరం రాలేదు.

సన్యాసిరావు: అయితే ఏమంటావు?

లలిత: ఒప్పందం నకలు రాయబార కార్యాలయంలో ఉండాలి. ఏ విషయాలు బోధిస్తాడో అందులో వరసగా రాసి ఉండాలి, ఆ జాబితా మన రక్షణ శాఖ చూసి సంతకం పెట్టాలి. దాన్ని దాటి ఎవరు అడిగినా చెప్పననే హక్కు వాడికి కాగితం మీద ఉండాలి. అరెస్టయితే మొదటి వారంలో కాన్సులర్ అధికారిని కలవనివ్వాలని ఆ కంపెనీతో కాదు, ఆ ప్రభుత్వంతోనే మనం రాయించుకోవాలి. వాడి నైపుణ్యం వాడికి ఇచ్చింది ఈ దేశం. దాన్ని అమ్ముకుని బతకమని బయటికి పంపిందీ ఈ దేశమే. ఎక్కడ అమ్ముతున్నాడో తెలియనట్టు ఉండడం కుదరదు.

సన్యాసిరావు: నువ్వు మంచి ఉద్దేశంతోనే అంటున్నావు. కానీ ఆ సంతకం దగ్గరే నాకు భయం. రేపు వాణ్ణి పట్టుకున్నారనుకో. ఇండియా రక్షణ శాఖ సంతకం ఉన్న కాగితం వాళ్ల చేతికి చిక్కుతుంది. చూశారా, వీణ్ణి ప్రభుత్వమే పంపింది అంటారు. నువ్వు రక్షణ అనుకున్న కాగితమే వాడి మెడకి ఉరవుతుంది. సంబంధం లేదని చెప్పుకునే వీలు దేశానికి ఉండదు, వాడికీ ఉండదు. దీనికేం చెబుతావు?

దీనికి నా దగ్గర సిద్ధమైన జవాబు లేదు. మాజీ సైనికుడి పక్కన ప్రభుత్వం నిలబడ్డప్పుడల్లా, అవతలి దేశానికి అతను సైనికుడిగానే కనబడే ప్రమాదం ఉంది. దూరంగా నిలబడితే వాడు ఒంటరి.

లలిత: దోహాలో పట్టుకున్న ఎనిమిదిమంది దగ్గర అలాంటి సంతకమేదీ ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. అయినా మరణశిక్ష పడింది. జాధవ్ రిటైరయ్యాడని మనమంటుంటే, లేదు, ఇంకా సర్వీసులోనే ఉన్నాడని పాకిస్థాన్ అంటోంది. నేవీలో చేసిన ప్రతివాణ్ణీ ప్రభుత్వం మనిషి అని ఎలాగూ అంటారు పెదనాన్నా, కాగితం ఉన్నా లేకపోయినా. ఉంటే కనీసం వాడు అక్కడ ఏం చేయడానికి వెళ్లాడో మన దగ్గరా వాళ్ల దగ్గరా ముందునుంచీ రాసి ఉంటుంది. దాచిపెట్టినవాణ్ణి గూఢచారి అనడం తేలిక. రెండు ప్రభుత్వాలకీ చెప్పి వెళ్లినవాణ్ణి అనడం అంత తేలిక కాదు.

సన్యాసిరావు: కాదు అని నువ్వనుకుంటున్నావు.

లలిత: అనుకుంటున్నాను. మీరు వేరేలా అనుకుంటే, వాడికి చెప్పడానికి మీ దగ్గర వెళ్లొద్దు తప్ప ఇంకేమైనా ఉందా?

సన్యాసిరావు: ఆదివారం రమ్మను. ఒప్పందం కాగితం కూడా తెమ్మను, ఇంగ్లీషుదీ అరబ్బీదీ రెండూ. ఏమేం నేర్పాలని రాశారో ముందు నేను చూస్తాను. నేర్పకూడనివి ఏవో ఎర్ర సిరాతో గీసిస్తాను. వాటికి కంపెనీ ఒప్పుకోకపోతే వాడు విమానం ఎక్కడు. ఒప్పుకుంటే, నీ రాయబార కార్యాలయం సంగతి అప్పుడు మాట్లాడదాం.